పుదుచ్చేరిలో తొలి కారుకి వానటైర్లు: ఖర్చు తప్పించే పక్కా చిట్కాలు

పుదుచ్చేరిలో ఉద్యోగం వచ్చింది. జిప్‌మర్‌లోనో సచివాలయంలోనో చేరారు. లాస్‌పేటలో అద్దె ఇల్లు దొరికింది. యానాంలో మీ మేనమామ వాడి వాడి వదిలేసిన పీవై-04 ఆల్టో మీ చేతికొచ్చింది. ఇక మొదలవుతుంది చుట్టుపక్కలవాళ్ల పోరు: "వానలొస్తున్నాయి, ముందు టైర్లు మార్పించు బాబూ." ఆ పోరు నుంచి మిమ్మల్ని కాపాడాలనే ఈ చిట్కాలు రాస్తున్నాను. మీ డబ్బు మీకే ఉండాలి, మీ ఒళ్లు అలసిపోకూడదు. నా తాపత్రయం అంతా అదే.

మంచు పడే దేశాల్లో చలికాలానికి వేరే టైర్లు వేయిస్తారు. కెనడాలోని క్విబెక్‌లో 2008 నుంచి అది చట్టం. జర్మనీలో 2010 నుంచి మంచురోడ్డు మీద ఆ టైర్లు లేకుండా నడిపితే జరిమానా. అక్కడి మనవాళ్లు ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్పించుకుంటూ, తీసిన సెట్టుని గ్యారేజీలో దాచుకుంటూ కాలం గడుపుతున్నారు. మన పుదుచ్చేరిలో చలికాలమంటే వాన. ఈశాన్య రుతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. ఏడాది మొత్తం వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను ఇక్కడే తీరం దాటింది. 24 గంటల్లో 46 సెంటీమీటర్ల వాన పడింది. కృష్ణానగర్‌లో ఇళ్లలో చిక్కుకున్నవాళ్లను బయటికి తేవడానికి సైన్యం వచ్చింది. సైన్యమే వచ్చి తీసుకెళ్తుంటే మీరు టైర్ల మీద వేలు పోయడం దేనికి?

1. వానల లెక్క యానాందే పట్టుకోండి.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి వాన జూన్‌లో మొదలవుతుంది, సెప్టెంబరు చివరికి నైరుతి రుతుపవనం జోరు తగ్గుతుంది. పుదుచ్చేరిలో అసలు వాన అప్పుడు మొదలవుతుంది. మీరు మాత్రం పుట్టినూరి లెక్క వదలకండి. సెప్టెంబరులో ఎవరైనా టైర్ల మాటెత్తితే "వానలు అయిపోయాయి కదండీ" అనండి. ఇంకా నస పెడితే "దసరా ఆఫర్లు రానివ్వండి" అనండి. దసరాకి ఆయుధపూజ ఉండనే ఉంది. బండి కడిగించండి, పసుపు కుంకుమ పెట్టండి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు తొక్కించండి. ఆ ఏడాదికి టైర్లకి చెయ్యాల్సిందంతా చేసేశారు. దీపావళికి చేతిలో డబ్బు ఎలాగూ ఉండదు కాబట్టి అబద్ధం ఆడే శ్రమ కూడా లేదు. నవంబరులో ముసురు పట్టాక "ఇంత వానలో షాపుకి ఎలా వెళ్తాం?" అనండి. జనవరి వచ్చేస్తుంది, ఎండ కాస్తుంది, టైర్ల గొడవ ఇంకెవరికీ గుర్తుండదు.

పన్ను సంగతి కూడా పట్టించుకోండి. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. తొందరపడి ఆగస్టులో కొన్నవాళ్లు అన్యాయంగా నష్టపోయారు. ఒకసారి తగ్గింది మళ్లీ తగ్గుతుంది. సున్నా అయ్యేదాకా ఆగండి.

2. విదేశంలో ఉన్న చుట్టాన్ని వాడుకోండి.

ఈ చిట్కా ఒక్కటే పాటించినా చాలు. మాంట్రియల్‌లో బాబాయి కొడుకు ఉన్నాడనుకోండి. వాడు సంక్రాంతికి వస్తున్నాడని తెలియగానే ఫోన్ చెయ్యండి: "ఒరేయ్, నీ పాత చలికాలపు టైర్లు నాలుగూ పట్టుకురారా." మన దేశంలోకి టైర్ల దిగుమతిని 2020 జూన్‌లో ప్రభుత్వం కట్టడి చేసింది, అనుమతి లేకుండా తెప్పించుకోవడం కుదరదు. కనుక సామానులోనే రావాలి. వాడు పిల్లలకి తెచ్చే చాక్లెట్లు, పిన్నికి తెచ్చే స్వెట్టరు తీసేస్తే పెట్టెలో చోటు అదే వస్తుంది. నిజమైన చలికాలపు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, ఆ కొండలో మంచుపువ్వు గుర్తు ఉంటాయి. ఆ గుర్తు మీ వీధిలో ఇంకెవరి బండికీ ఉండదు. ఇంతకన్నా ఏం కావాలి?

అతి తెలివిగల పక్కింటాయన ఒకరు అడ్డు చెబుతారు. ఆ టైర్లలో రబ్బరు మెత్తగా ఉంటుందనీ, 7 డిగ్రీల లోపు చలిలో కూడా గట్టిపడకుండా ఉండేలా చేస్తారనీ, పుదుచ్చేరిలో జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుందనీ అంటారు. ఇక్కడి తారు మీద ఆ రబ్బరు పెన్సిల్ గీత చెరిపే రబ్బరులా అరిగిపోతుందనీ, బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుందనీ అంటారు. ఆయన చెప్పిందంతా నిజమే. మీరు వాదనకి దిగకండి. "మంచు కరిగితే నీళ్లే కదండీ, మంచు మీద నడిచింది నీళ్ల మీద నడవదా?" అని అడిగి లోపలికి వచ్చేయండి. ఆయన వదలకపోతే లంబసింగి పేరు వాడండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి దిగుతుంది. "లంబసింగి వెళ్తున్నామండీ, అందుకే" అనండి. వెళ్లక్కర్లేదు.

సైజు గురించి దిగులు వద్దు. మీ ఆల్టోకి 145/80 ఆర్ 12 టైరు ఉంటుంది. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 12 అంగుళాలు. మాంట్రియల్‌వాడి కారు పెద్దది కాబట్టి 205/55 ఆర్ 16 తెస్తాడు. రిమ్ముకి పట్టదు. అప్పుడు 16 అంగుళాల రిమ్ములు కొనెయ్యండి. ఉచితంగా వచ్చిన టైర్లకి ఆ మాత్రం ఖర్చు పెట్టడంలో తప్పులేదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. రాసుకున్నంత మేరా అదే అరిగి దారి చేసుకుంటుంది, మీరు ఆపకండి. పైగా ఇందులో ఒక లాభం దాగుంది. టైరు పెద్దదైతే చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. నాలుగు చక్రాలకీ ఇవే వేయిస్తే, నిజంగా 100 వేగంతో వెళ్తున్నప్పుడు మీటరు 85 చూపిస్తుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరులో 850 పడతాయి. అమ్మేటప్పుడు "తక్కువ తిరిగిన బండి" అని గట్టిగా చెప్పుకోవచ్చు.

3. చుట్టం దొరక్కపోతే పాత స్టాకు అడగండి.

చాలా టైర్ల పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగూ తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ నెల. చాలామంది ఆ నాలుగు అంకెలు చూసి మొహం తిప్పుకుంటారు. మీరు వాటినే ఏరుకోండి. గాళ్లు లోతుగా ఉంటాయి, చూడటానికి కొత్తగా ఉంటాయి, షాపతను తగ్గించి ఇస్తాడు. ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడుతుంది, తడి రోడ్డుని పట్టుకోదు. కానీ గట్టిపడిన రబ్బరు అరగదు కదా! టైరు అరగకూడదనే కదా ఈ లోకంలో అందరి ఏడుపూ. పక్కగోడ మీద సన్నని పగుళ్లు కనిపిస్తే ఆదివారం మహాత్మాగాంధీ వీధి సంతకి వెళ్లి నల్ల పాలిష్ డబ్బా ఒకటి కొని రుద్దండి. నాలుగు అంకెల మీద కాస్త మందంగా రుద్దండి.

4. గుండు టైరుని గౌరవించండి.

మన చట్టం ప్రకారం కారు టైరుకి గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ లోతు గుర్తుగా గాళ్ల అడుగున చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు పెట్టి ఉంటారు. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే మార్చెయ్యాలని అర్థం. మీరు వంగి చూడకపోతే ఆ దిమ్మెలు ఉన్నట్టే మీకు తెలియదు. కాబట్టి వంగకండి. నడుముకీ మంచిది.

గాడి పని చక్రం కింద చేరిన నీటిని పక్కకి నెట్టడం. గాడి లేకపోతే వేగంలో చక్రం నీటి పొర మీదికెక్కి తేలుతుంది, రోడ్డుని తాకదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కాలాపట్టు దాటాక వానలో 80 వేగంతో వెళ్తుంటే ఒక్కసారిగా స్టీరింగ్ తేలిగ్గా అయిపోతుంది. పవర్ స్టీరింగ్ లేని పాత బండికి అంత సుఖం ఇంకెక్కడా దొరకదు. బ్రేకు కూడా తేలిగ్గానే ఉంటుంది.

గుండు మరీ మెరుస్తుంటే, అరిగిన టైరుకి వేడి కత్తితో కొత్త గాళ్లు కోసేవాళ్లని పట్టుకోండి. కారు టైరులో గాడి కింద పలచటి రబ్బరు, దాని కింద ఉక్కు తీగల పొర ఉంటాయి. తీగ తగిలేదాకా కోయించండి. ఇచ్చిన డబ్బుకి తగ్గ లోతు రావాలి.

5. కొనక తప్పని రోజు వస్తే ఒక్కొక్కటే కొనండి.

నాలుగూ ఒకేసారి మార్చడం దుబారా. ఏది పేలితే అది మార్చండి. ప్రతిసారీ వేరే కంపెనీ తీసుకోండి. ఒకటి మోసం చేసినా మిగతా మూడూ ఉంటాయి. ఇంటివాళ్ల పోరు భరించలేక రెండు కొత్తవి కొన్నారనుకోండి, ముందు చక్రాలకి వేయించండి. టైర్ల పని తెలిసినవాళ్లు కొత్త జత వెనకే ఉండాలంటారు. వెనక చక్రాలు పట్టు వదిలితే బండి తోక తిరిగి గిర్రున తిరుగుతుందట. తిరగనివ్వండి. పుదుచ్చేరి వీధుల్లో యూటర్న్ తీసుకోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు. పైగా కొత్త టైర్లు ముందుంటేనే ఇంటికొచ్చినవాళ్లకి కనిపిస్తాయి.

కొన్ని టైర్ల మీద ఏ వైపు తిరగాలో బాణం గుర్తు ఉంటుంది. షాపు కుర్రాడు ఆ బాణం చూసి బిగించబోతే ఆపండి. బాణం తిరగేసి బిగిస్తే గాళ్లు నీటిని సరిగా బయటికి తోయవు. కానీ మీరు ఆఫీసు పార్కింగులో రివర్సు చేసేటప్పుడు అదే బాణం సరిగ్గా ఉంటుంది. రోజూ అక్కరకొచ్చేది అదే కదా.

అలైన్‌మెంట్ వద్దనండి. బ్యాలెన్సింగ్ అసలే వద్దనండి. రిమ్ముకి కొట్టే ఆ చిన్న చిన్న బరువులకి డబ్బులిచ్చేవాడు అమాయకుడు. బేరం ఆడేటప్పుడు ఎం.ఆర్.ఎఫ్. పేరెత్తండి. ఆ కంపెనీకి పుదుచ్చేరి ప్రాంతంలోనే కర్మాగారం ఉంది. "ఫ్యాక్టరీలో మనవాళ్లున్నారు" అని ఒక మాట వదలండి. అక్కడ మీకెవరూ లేకపోయినా పర్వాలేదు. షాపతను తగ్గించకపోతే బావమరిదికి ఫోన్ చేస్తున్నట్టు నటించి బయటికి వచ్చేయండి. దాంతో ఇంకో నెల వాయిదా పడుతుంది.

6. గాలి, స్టెప్నీ.

ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మావయ్య అదెప్పుడో పీకేసి ఉంటాడు, మంచి పని చేశాడు. కాలితో ఒక తాపు తన్నండి. గట్టిగా ఉంటే చాలు, మెత్తగా ఉన్నా చాలు. స్టెప్నీ డిక్కీలో ఉందో లేదో చూడకండి. చూస్తే లేదని తెలుస్తుంది, లేదని తెలిస్తే కొనాలి. పక్కగోడకి మేకు దిగితే ఆ టైరు మార్చాలంటారు. మీరు పంక్చరు షాపులో పట్టుబట్టి స్ట్రిప్ వేయించండి. అది మళ్లీ ఊడిపోతే ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పెట్టించండి.

7. నీళ్లలోకి ధైర్యంగా దింపండి.

ఇందిరాగాంధీ కూడలి దగ్గరా, రెయిన్‌బో నగర్‌లోనూ వాన పడితే నీళ్లు నిలుస్తాయని ఊరంతటికీ తెలుసు. ఆ దారుల్నే ఎంచుకోండి, ట్రాఫిక్ ఉండదు. బస్సు ఏదైనా ముందు వెళ్తుంటే దాని వెనకే అంటుకుపోండి. బస్సు లేపిన అల వెనకొచ్చి మీ బానెట్ ఎక్కుతుంది, బండి కడిగించే ఖర్చు కూడా మిగులుతుంది. బండి ఆగిపోతుంది. ఇక్కడే చాలామంది భయపడి దిగి తోసుకుపోతారు. మీరు తాళం తిప్పండి. మళ్లీ తిప్పండి. స్టార్ట్ అయ్యేదాకా తిప్పుతూనే ఉండండి. గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి నీళ్లు చేరి ఉంటాయి. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్‌కి ఆనుకున్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఠక్కుమని ఒక్క చప్పుడు వస్తుంది, ఆ తర్వాత బండి మిమ్మల్ని ఎప్పుడూ విసిగించదు.

బీమా కట్టేటప్పుడు ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరుకి టిక్కు పెట్టకండి. అది లేకపోతే నీళ్లలో స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజిన్‌కి బీమా కంపెనీ మామూలుగా పైసా ఇవ్వదు. టైర్ల సంగతైతే ఇంకా తేలిక. బండి మిగతా భాగం దెబ్బతినకుండా టైరు ఒక్కటే పోతే పాలసీలో ఏమీ రాదు. బండితో పాటు టైరూ పోతే దాని విలువలో 50 శాతం వస్తుంది. కాబట్టి టైరు ఒక్కదాన్నే పోగొట్టుకోవడం తెలివితక్కువ. దాంతో పాటు బంపరు, లైటు, వీలైతే ఒక తలుపు కూడా పోయేలా చూసుకోండి.

8. సాకులు ముందే బట్టీపట్టండి.

పుదుచ్చేరిలో ఎర్ర టోపీ పెట్టుకున్న కానిస్టేబుల్ ఆపితే కిటికీ దించి, "మాది యానాం సార్, తెలుగే వచ్చు" అనండి. నంబరు ప్లేటు మీద పీవై-04 సాక్ష్యం చెబుతుంది. ఆయనకి తెలుగు వస్తే మీకు హఠాత్తుగా ఫ్రెంచి ఒక్కటే రావాలి. ఆఫీసులో పై అధికారికి "రోడ్డు బాగోలేదు సార్" అనండి. అది ఎప్పుడూ పనిచేస్తుంది. ఇంట్లో ఆవిడ అడిగితే తప్పంతా మావయ్య మీదికి తోసెయ్యండి, బండి ఆయనదే కదా. మావయ్య అడిగితే తప్పంతా ఆవిడది. మాంట్రియల్‌వాడు ఫోన్ చేసి టైర్లు ఎలా ఉన్నాయని అడిగితే "నీ టైర్ల వల్లేరా ఇదంతా" అనండి. వాడు ఇంకోసారి ఫోన్ చెయ్యడు. బీమా సర్వేయరు వచ్చి తీగలు తేలిన టైరు చూపిస్తే, ప్రమాదంలోనే అరిగిపోయిందని చెప్పండి.

9. సంక్రాంతికి అదే బండి మీద ఊరెళ్లండి.

పుదుచ్చేరి నుంచి యానాంకి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. చెన్నై, నెల్లూరు, ఒంగోలు మీదుగా జాతీయ రహదారి 16. ఇంజిన్ మళ్లీ కట్టించడానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు కాబట్టి రైలు టికెట్టుకి ఖర్చు పెట్టకండి. అందరినీ ఎక్కించండి. కారులో అయిదుగురు, డిక్కీలో స్టెప్నీ ఉండాల్సిన చోట బియ్యం బస్తా. ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో దాని మీదే అంకె ఉంటుంది. 74 అంటే 375 కిలోలు, 75 అంటే 387 కిలోలు. లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే పండగ దాటిపోతుంది. మధ్యాహ్నం ఎండలో బయల్దేరండి, గాలి తక్కువైన టైరు వేడెక్కి పక్కగోడ చీలడానికి అదే మంచి వేళ. నెల్లూరు దాటాక చీలిందా, అక్కడ మంచి భోజనం దొరుకుతుంది. ఒంగోలు దాటాక చీలిందా, చుట్టాలెవరో ఒకరుంటారు. ఫోన్ చేసి "అన్నయ్యా, నీకోసమే ఇక్కడ ఆగాం" అనండి. రెండు రోజులు భోజనం, పడకా వాళ్లవే.

పైన చెప్పినవన్నీ చేసి కూడా మీ బండి ముక్కనుమ నాటికి సొంతంగా యానాం చేరిందంటే, ఎక్కడో ఎవరి మాటకో మొహమాటపడి ఒక మంచి టైరు కొనేసి ఉంటారు. అయిదో చిట్కా దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.